చిక్కుడుకు పేనుబంక పట్టిందా? పత్తి మందు జోలికి పోకండి!

దసరా పోయి చలి మొదలైందంటే చాలు... మంచిర్యాల, శ్రీరాంపూర్, నస్పూర్ వైపు క్వార్టర్ల ముందు చిక్కుడు పందిళ్లు పూతకొస్తాయి. ఆ వెంటే ఓ పిలవని చుట్టం కూడా దిగుతుంది. లేత కొసలు, పూల కాడలు, పిందెలు... వేటినీ వదలకుండా నల్లగా అంటుకుపోతుంది. అదే పేనుబంక.

చూడగానే చాలామందికి గుర్తొచ్చేది, ఊళ్లో పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందు డబ్బా. చిక్కంతా అక్కడే! చేనులో పత్తిని ఎవరూ తినరు. పెరటి చిక్కుడు మాత్రం పొద్దున కోస్తే మధ్యాహ్నానికి కూరైపోతుంది. పత్తికి బాగా వాడిన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై కొట్టకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది.

కాపీ-పేస్ట్ పురుగు

నిన్న పది కనిపిస్తే వారానికి కొమ్మంతా నిండిపోతుంది. ఎందుకంటే ఆడ పేనుబంకకు మగదానితో పని లేదు, గుడ్లతోనూ పని లేదు. నేరుగా పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు వారం, పది రోజుల్లోనే మళ్లీ పిల్లల్ని పెడతాయి. అచ్చం కాపీ-పేస్ట్ అన్నమాట.

ఇవి రసం పీల్చి, తియ్యటి జిగురు వదులుతాయి. దాని మీద మసిలాంటి బూజు పడుతుంది. ఆ తీపి కోసం చీమలొస్తాయి. ఊరికే రావు, పేనుబంకను తినే పురుగుల్ని తరిమి మరీ కాపలా కాస్తాయి. కాబట్టి పాదు మీద చీమల బారు కనిపిస్తే ఆకు తిప్పి చూడండి. మిరప, బీర, దోస మొక్కలకైతే ఇవి వైరస్ తెగుళ్లనూ మోస్తాయి.

ఇలా చేయండి

* ముందు నీళ్లు: పైపు కొసను వేలితో నొక్కి, ఆకుల అడుగున గట్టిగా కొట్టండి. కింద పడినవాటిలో చాలావరకు తిరిగి ఎక్కలేవు. రెండు, మూడు రోజులకోసారి చేస్తే సగం పని అయిపోతుంది. బొగ్గు లారీల దారి పక్కన ఉండేవాళ్లకు ఇంకో లాభం... ఆకుల మీది దుమ్ము పోతుంది. దుమ్ము ఎక్కువైతే మిత్ర పురుగులు సరిగా వేటాడలేవు.
* బాగా పట్టిన కొసల్ని తుంచి, సబ్బు నీళ్లలో వేయండి.
* వేపనూనె: లీటరు నీటికి 5 మి.లీ. నూనె, కలవడానికి కొన్ని చుక్కల సబ్బు ద్రావణం. ముందు ఒక్క ఆకుపై కొట్టి, మర్నాడు చూసి, మాడకపోతేనే మిగతాదానికి వాడండి. సాయంత్రం పూటే కొట్టాలి. బట్టల సబ్బు పొడి మాత్రం వద్దు, ఆకులు మాడతాయి.
* వేప గింజల కషాయం: లీటరుకు 50 గ్రాముల గింజల పొడి. రాత్రంతా నానబెట్టి, వడకట్టి, అదే రోజు వాడేయాలి.
* చీమలకు అడ్డం: పందిరి గుంజలకు గుడ్డ చుట్టి, దానిపై గ్రీజు పూయండి.

పొగాకు కషాయం మంచిదని కొందరు చెప్తారు. అందులోని నికోటిన్ మనకూ విషమే, వదిలేయండి. యూరియా కూడా తగ్గించండి. లేత చిగుళ్లు ఎక్కువైతే పేనుబంకకు పండగే.

వీటిని చంపొద్దు

ఎర్రటి అక్షింతల పురుగు అందరికీ తెలుసు. దాని పిల్లే ఎవరికీ తెలియదు. నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా ఉంటుంది. పురుగు అనుకుని నలిపేస్తాం. కానీ అది పెద్దయ్యేలోపు వందల పేనుబంకను తినేస్తుంది. అది కనిపిస్తే స్ప్రే ఆపి, నాలుగు రోజులు ఓపిక పట్టండి. కొత్తిమీర మొక్కలు రెండు పూతకు వదిలేస్తే సిర్ఫిడ్ ఈగలూ వస్తాయి. వాటి పిల్లలకూ ఇదే తిండి.

పెరట్లోనే కాదు, చేన్లలోనూ!

మన బొగ్గు బెల్టుకే మరో కొసన, కొత్తగూడెం దగ్గర పాల్వంచ మండలంలో పునుకుల అనే ఊరుంది. అక్కడి పత్తి, మిర్చి రైతులు మందుల అప్పులతో విసిగి వేప గింజలు, మిర్చి-వెల్లుల్లి కషాయాల దారి పట్టారు. మహిళా సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. 2000 తర్వాత కొన్నేళ్లకే మాది పురుగుమందుల్లేని ఊరని ప్రకటించుకున్నారు. ఎకరాల్లో సాధ్యమైంది, మన నాలుగు పాదుల దగ్గర కాదా?

వారానికి రెండుసార్లు, నీళ్లు పోసేటప్పుడే ఆకుల అడుగు చూడండి. పది ఉన్నప్పుడే పట్టుకుంటే నీళ్లతోనే పోతుంది. పందిట్లో కాయను కోసి, కడిగి వండి పిల్లలకు పెట్టడానికి మీకు మందుల భయముండదు.