పదినిమిషముల అతిథులు

రైలు స్టేషనులో కాఫీ పోయు పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. ఇంటికి వచ్చిన అతిథి వంట ఆలస్యమైనను అరుగుమీద కూర్చుండి నాలుగు మాటలాడును. రైలు దిగినవాడు కూర్చుండడు. వాని చెవి ఇంజను కూతమీదను, చేయి జేబుమీదను, కన్ను బండిలో విడిచిన పెట్టెమీదను ఉండును. అట్టివానికి వేడివేడిగా కాఫీయు, తినుటకు కొంచెమేదైనను, సరియైన చిల్లరయు, వీలైనచో ఒక మంచిమాటయు అందించి గార్డు పచ్చజెండా చూపులోగా పంపివేయవలెను. ఈ విద్య నెఱిగినవారెవరని మమ్మడిగినచో మేము ఏ పెద్ద హోటలువారి పేరును చెప్పము. అమెరికాదేశమున నెబ్రాస్కా రాష్ట్రములోని నార్త్ ప్లాట్ అను చిన్న పట్టణపు గృహిణులను చెప్పుదుము.

ఆ యూరిమీదుగా యూనియన్ పసిఫిక్ కంపెనీవారి రైలుమార్గము తూర్పుపడమరలుగా పోవుచున్నది. ఆవిరి ఇంజనులున్న కాలమున నీరు పట్టుటకును, చక్రములకు నూనె వేయుటకును ప్రతి బండియు అచ్చట 10, 15 నిమిషములు నిలిచెడిది. 1941 డిసెంబరు 7వ తేదీన జపానువారు పెరల్ హార్బరుపై దాడిచేయగా అమెరికా యుద్ధములో దిగెను. పది దినములు గడచునప్పటికి తమ రాష్ట్రపు సేనలోని ‘డి’ కంపెనీ ఆ దారిని పోవుచున్నదని ఊరిలో వదంతి పుట్టినది. 17వ తేదీన సుమారు 500 మంది తినుబండారములు, కానుకలు పట్టుకొని చలిలో స్టేషనునకు పోయిరి. బండి వచ్చినది. అందున్నది ‘డి’ కంపెనీయే; కాని అది కాన్సాస్ రాష్ట్రపుది. తమ బిడ్డ లొక్కరును లేరు. తల్లులు ఒకరి మొగ మొకరు చూచుకొనిరట. తరువాత తెచ్చినది తెచ్చినట్లే ఆ పరాయిబిడ్డల చేతులలో పెట్టిరి.

ఆ గుంపులో రే విల్సన్ అను 26 ఏండ్ల యువతి యుండెను. ఆమె ఒక దుకాణములో గుమాస్తా. ఆమె అన్నదమ్ముడు నెబ్రాస్కా దళములో నుండెను. మఱునాడే ఆమె ఊరి పత్రికకు జాబు వ్రాసి, వచ్చుచుపోవు ప్రతి సైనికుల బండికిని ఇట్లే చేయుదము, బాధ్యత నాది యని పూనుకొనెను. క్రిస్మసు దినమున మొదటి బండికి ఉపచారము జరిగెను. రైల్వే కంపెనీ అధ్యక్షుడైన విలియం జెఫర్సు స్టేషనులో ఊరక పడియున్న ఫలాహారశాలను వారి కిప్పించెను. ఆనాడు తెఱచిన తలుపు 1946 ఏప్రిలు 1వ తేదీ వఱకు మూయబడలేదు. ఆ కాలములో 60 లక్షలకు పైగా సైనికులు అచ్చట కాఫీ త్రాగిరి. ఒక కాసైనను ఎవరియొద్దను పుచ్చుకొనలేదు.

ఇంతమందికి పది నిమిషములలో ఎట్లు పెట్టిరన్నదే గృహిణులమైన మనకు ముఖ్యము. వారు పెట్టిన పదార్థములను చూడుడు. మాంసమో గ్రుడ్డో నడుమ నుంచిన రొట్టెముక్కలు, ఉడికించిన గ్రుడ్లు, బిస్కత్తులు, డోనట్లు, కాఫీ, పాలు. డోనట్టనగా గోధుమపిండిలో పాలు, గ్రుడ్లు, పంచదార కలిపి కాగిన క్రొవ్వులో వేయించు తీపి పిండివంట. నడుమ చిల్లుండుటచే చూపునకు మన గారెకు చెల్లెలివలె నుండును. వీనిలో ఒక్కదానికైనను విస్తరి గాని చెంచా గాని అక్కఱలేదు. చేత పట్టుకొని పరుగెత్తవచ్చును. నిన్న చేసినది నేడు పనికివచ్చును. వేడిగా నుండవలసినది కాఫీ యొక్కటే. కావున బండి నిలిచిన పిమ్మట చేయవలసిన పని కాఫీ పోయుట తప్ప మఱేమియు మిగులలేదు. విష్ణుచిత్తుని ఇంట అతిథులకు ఋతువు ననుసరించి వడ్డన జరిగెనని ఆముక్తమాల్యదలో చదివియున్నాము. వీరు గడియారము ననుసరించి వడ్డించిరి.

సైనికుల బండ్ల రాకపోకలు రహస్యము. కావున బండి దగ్గఱపడగానే రైల్వేవారు కాఫీకుండ పొయ్యిమీద పెట్టితిమని సంకేతముగా కబురు చేసెడివారు. ఆ మాట వినబడగానే వడ్డించువారు వారి వారి చోటులలో నిలిచెడివారు. గాయపడి దిగలేనివారికై పడుచులు బుట్టలు పట్టుకొని బండిలోనికే పోయెడివారు. ఒక్క ఊరివలన ఇది సాగదు. చుట్టుపట్ల 125 ఊళ్లవారు వంతులు వేసికొనిరి. మొత్తము 55,000 మంది పాల్గొనిరందురు. తమ వంతు దినమున కొందఱు 100 మైళ్లకు పైబడిన దూరమునుండి వంటకములతో వచ్చెడివారు.

పంచదార సంగతి చెప్పకున్న ఈ కథ సగమే యగును. 1942 మే నెలనుండి ఆ దేశమున మనిషికి వారమునకు అర పౌను పంచదార మాత్రమే యిచ్చిరి. నవంబరు చివరనుండి కాఫీకిని కట్టడి వచ్చి, పెద్దవారికి అయిదు వారములకు ఒక పౌను మాత్రమే దొరకెను. ఆ యిండ్లలో తమ కాఫీలో తీపి తగ్గించుకొని ఆ పంచదారతో పుట్టినరోజు కేకులు చేసిరి. నేడు ఎవరి పుట్టినరోజని అడిగి, చేయెత్తిన కుఱ్ఱవానికి కేకు నిచ్చెడివారు. పుట్టినరోజు కానివాడును చేయెత్తియుండవచ్చును. ఎవరును జాతకము అడుగలేదు.

ఇది ధర్మకార్యము, అంగడి వ్యవహారముతో దీనికేమి పోలిక యని సోదరీమణులు అడుగవచ్చును. మా కెదురైన సంగతి యొకటి చెప్పెదము. ఒక జంక్షనులో బండి పది నిమిషములు ఆగును. మేము దిగి కాఫీ యడుగగా అంగడివాడు అప్పుడు పాలు పొయ్యిమీద పెట్టెను. మా నోటు పుచ్చుకొని చిల్లరకై ప్రక్క అంగడికి పోయెను. కూత వినబడెను. మాకు కాఫీయు దక్కలేదు, నోటును దక్కలేదు. వాడు దొంగ యని మేమనము. ఆ బండి దినదినమును ఆ వేళకే వచ్చును గదా! పాలు ముందుగా కాచి, చిల్లర ముందుగా మార్చి యుంచుకొన్నచో వానికి ఖర్చేమి? ఇప్పుడు ఫోనుతోనే డబ్బు చెల్లించుట వచ్చి చిల్లర తగవు తగ్గినది. పాల తగవు మాత్రము తగ్గలేదు.

నార్త్ ప్లాట్‌లో డబ్బు ఖర్చు కాకపోలేదు. నాట్యసభలు పెట్టియు, పాత ఇనుము అమ్మియు పోగుచేసిరి. జీన్ స్లాటరీ అను బాలుడు వేలములలో తన ఒంటిమీది చొక్కాను విప్పి అమ్మి సొమ్ము తెచ్చియిచ్చెను. అధ్యక్షుడు రూజ్వెల్టు అయిదు డాలర్లు పంపెనని చెప్పుదురు. ప్రభుత్వపు సహాయము వేఱే లేదు. యుద్ధమునకు పంపినవారు ప్రభుత్వమువారై యుండగా, ఆ భారము పల్లెటూరి యిల్లాండ్ర పంచదార డబ్బాలమీద పడుట న్యాయమేనా యని మాకు తోచకపోలేదు. ఆనాటి అమెరికా సేనలో నల్లవారికి దళములు వేఱు. కాని ఈ బల్లయొద్ద వారికిని తెల్లవారికిని ఒకే కాఫీ, ఒకే పలకరింపు.

పడుచులు మొక్కజొన్న పేలాల ఉండలలో తమ పేరు, చిరునామా వ్రాసిన చీటీలు దాచెడివారు. కొన్నిటికి జాబులు వచ్చినవి. కొన్ని జాబులు పెండ్లివఱకు పోయినవి. ఒక తల్లి కథ వేఱు. కొడుకు యుద్ధములో మరణించెనన్న వార్త ఆమెకు ఆ ఫలాహారశాలలో పనిచేయుచుండగనే తెలిసెను. ఆమె యింటికి పోయెను. కొన్నాళ్లకు మరల వచ్చి తన చోట నిలిచి, ఇతరుల కొడుకులకు వడ్డించెను.

1973లో ఆ స్టేషను భవనమును కూలద్రోసిరి. 2018 జూనులో ఆర్కాన్సాస్ రాష్ట్రపు సైనికులు సుమారు 700 మంది బస్సులలో ఆ దారిని పోవుచున్నారని తెలిసి నార్త్ ప్లాట్ వారు మరల పొయ్యిలు వెలిగించిరి. రెండు దినములు ఒక్కొక్క బస్సు వచ్చి ఆగుచుండగా దిగినవారికెల్ల భోజనము పెట్టి పంపిరి.