పొట్టను తగ్గించే శస్త్రచికిత్స: షరీఅత్ ఏమంటుంది?

గుండుగొలను పరిసర గ్రామాల నుండి మా వద్దకు వచ్చే కుటుంబాల ప్రశ్నలలో కొన్నేళ్ళుగా ఒక కొత్త ప్రశ్న చేరింది. "మౌలానా గారూ, బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకోవచ్చా?" విజయవాడకో హైదరాబాదుకో బయలుదేరే ముందు అడిగేవారు కొందరు, ఆపరేషన్ అయిపోయాక, రమజాన్ దగ్గరపడినప్పుడు అడిగేవారు మరికొందరు.

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళలలో నూటికి 36 మంది అధిక బరువు లేక స్థూలకాయం గలవారు. మూడు పూటలా డెల్టా బియ్యం తింటూ నడక మానేసిన ఇళ్ళలో ఇది వింత కాదు.

ఈ చికిత్సను వైద్యులు బేరియాట్రిక్ సర్జరీ అంటారు. 'స్లీవ్' పద్ధతిలో పొట్టలో ముప్పాతిక భాగానికి పైగా కత్తిరించి తీసివేస్తారు. సన్నని గొట్టం వంటి భాగం మిగులుతుంది. తీసివేసినది మళ్ళీ రాదు. 'బైపాస్'లో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిగా చేసి చిన్నప్రేగుకు కలుపుతారు. మధుమేహంతో బాధపడే స్థూలకాయులలో చాలామందికి దీనివలన చక్కెర అదుపులోకి వస్తుంది. కాబట్టి "నోరు కట్టుకుంటే సరిపోదా?" అని రోగిని ఎగతాళి చేయడం తగదు. పొట్టను మూడు పాళ్ళుగా పంచుకోమన్న దైవప్రవక్త (సఅసం) బోధ, వలీమా విందులో "ఇంకొక్క గరిటె" అని బలవంతపెట్టే మనందరికీ వర్తిస్తుంది.

అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ 2007 జులైలో మలేషియాలోని పుత్రజయలో సమావేశమై ఈ విషయాన్ని పరిశీలించింది. బరువు వ్యాధి స్థాయికి చేరాలి, శస్త్రచికిత్స తప్ప వేరే మార్గం ఉండకూడదు, హాని జరగదన్న భరోసా ఉండాలి. ఈ షరతులపై అనుమతి ఇచ్చింది.

మాకు బాధ కలిగించేది వేరొకటి. పెళ్ళిచూపులలో "అమ్మాయి లావు" అన్న మాట పడలేక, షుగరు గాని బీపీ గాని లేని ఇరవై ఏళ్ళ బిడ్డను ఆపరేషన్ బల్ల ఎక్కించాలనుకునే తల్లిదండ్రులున్నారు. వ్యాధి లేనిచోట ఆ అనుమతి వర్తించదని వారికి మేము స్పష్టంగా చెబుతాము. పైగా శస్త్రచికిత్స తరువాత 12 నుండి 18 నెలల వరకు గర్భం దాల్చవద్దని వైద్యులు హెచ్చరిస్తారు. ఆ సంగతి వియ్యాలవారికి దాచి నికాహ్ జరిపిస్తే ఏమవుతుంది? ఆరు నెలలు తిరగకముందే "విశేషమేమైనా ఉందా?" అని అత్తగారు అడుగుతుంది. జవాబు చెప్పవలసింది ఆ పిల్లే.

ఇక ఉపవాసాల విషయం. చిన్నదైన పొట్టలో ఒకేసారి గ్లాసెడు నీళ్ళు పట్టవు. గుక్క గుక్కగా రోజంతా తాగాలి. ఇఫ్తార్ నుండి సహరీ వరకు ఉన్న కొద్ది గంటలలో ఆ లోటు తీరదు. అందుకే తొలి సంవత్సరం ఉపవాసాలు వద్దని వైద్యులు సాధారణంగా చెబుతారు. వ్యాధిగ్రస్తులకు దివ్య ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపు ఇక్కడ వర్తిస్తుంది. అయితే కోలుకునే ఆశ ఉన్నవారు ఫిదియా ఇచ్చి సరిపెట్టుకోరాదు. ఆరోగ్యం కుదుటపడ్డాక ఖజా పాటించాలి. శీతాకాలపు పొట్టి పగళ్ళలో విడివిడిగా పాటించినా చెల్లుతుంది. శాశ్వతంగా శక్తి కోల్పోయినవారికే ఫిదియా.

విటమిన్లు, ఇనుము, కాల్షియం జీవితాంతం వాడవలసి ఉంటుంది. క్యాప్సూల్ పై తొడుగులోని జెలటిన్ దేనితో చేసినదో అన్న సందేహం ఉంటే, అదే మందు మాత్రగానో ద్రవంగానో దొరుకుతుందేమో వైద్యుణ్ణి అడగండి. సందేహంతో మందు మాత్రం మానేయకండి. బీ12 లోపిస్తే నరాలు దెబ్బతింటాయి.