జేసీబీని పిలిచే ముందు: బీడు పడ్డ తోటను బాగు చేసుడు ఎట్లా

ఎపిసోడ్‌లో మా క్యాంపు తోట ముచ్చట విన్నంక చాలామంది ఒకటే అడిగారు: "మా క్యాంపు వెనక కూడా అసొంటి జాగనే ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలె?" మాట్లాడేటప్పుడు అంకెలు, లెక్కలు సరిగ్గా చెప్పలేకపోయా. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందే చెప్తున్నా, నేను రైతును కాను. మాది జగిత్యాల దిక్కు. ఐటీఐలో సివిల్ చదివి, సైట్ల మీద పని నేర్చుకుని ఒమన్‌లో సూపర్‌వైజర్‌నయ్యా. మా నాయిన నాగలి పట్టిండు, నేను టేపు పట్టిన. అంతే తేడా.

2022లో మా కంపెనీ బర్కా దగ్గర ఒక పాత తోటను కిరాయికి తీసుకుని అందులో క్యాంపు పెట్టింది. వెనక రెండు ఫెద్దాన్ల జాగ. ఫెద్దాన్ అంటే మన ఎకరం కంటే ఇంత ఎక్కువ. 2021 అక్టోబర్ 3న షాహీన్ తుఫాను ఈ బాతినా తీరాన్ని ముంచినప్పటి నుంచి ఆ తోట దిక్కు ఎవరూ చూడలేదట. ఎండిన మట్టలు వేలాడే ఖర్జూర చెట్లు, విరిగిన డ్రిప్ పైపులు, మనిషి దూరలేని ముళ్లకంప.

అసలు జాగ్రత్త ఇక్కడ ఒకటుంది. మన వీసా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల దగ్గరే పని చేయాలి. శుక్రవారం బయటి తోటలో కూలికి పోతే కేసు మన మీద పడుతుంది. అందుకే మేం కంపెనీని, జాగ యజమానిని ఇద్దరినీ అడిగి, క్యాంపు లోపలి జాగలో మా తిండి కోసం మాత్రమే మొదలుపెట్టాం.

నరకడం కాదు, చూడటం ముందు

నేను చేసిన మొదటి పని తప్పు పని. సైట్ క్లియరింగ్ లెక్కనే అనుకుని, శుక్రవారం పొద్దున జేసీబీని తెప్పించి "మొత్తం గీకెయ్" అన్నా. బకెట్ ఒక పెద్ద ముళ్ల చెట్టు దగ్గరికి పోయింది. మా గుంపులో పెద్దాయన, నిర్మల్ దిక్కు మేస్త్రి, చాయ్ గ్లాసు కింద పెట్టి ఉరికొచ్చిండు.

"ఆగు తమ్మీ, ఆగు! గది జమ్మి చెట్టు. జమ్మిని కొట్టిస్తవా?"

నేను నమ్మలేదు. ఒమన్‌లో జమ్మి ఎక్కడిది? కానీ ఆయన మాటే నిజం. ఇక్కడివాళ్లు 'గాఫ్' అనే చెట్టు మన జమ్మే, జాతి కూడా ఒకటే. మన దగ్గర అది తెలంగాణ రాష్ట్ర వృక్షం, ఇక్కడ ఎడారిలో ఒంటెకు మేత, మనిషికి నీడ. దాని వేరు నీళ్ల కోసం ముప్పై మీటర్ల లోతుకు పోతుందంటారు. పప్పుజాతి చెట్టు కాబట్టి దాని కింద నేల సారం పెరుగుతుంది.

దాని పక్కనే ఉన్న మిగతా కంప మాత్రం సర్కారు తుమ్మ. ఇది బయటి దేశాల నుంచి వచ్చి ఇక్కడా, మన ఊళ్లలోనూ నేలను ఆక్రమించింది. రెండూ దగ్గరి చుట్టాలే కాబట్టి కొత్తోడు గుర్తుపట్టడు. తేడా ఇట్లా చూడాలి:

- జమ్మి ముళ్లు చిన్నవి, కొమ్మ పొడవునా అక్కడక్కడ చెదిరి ఉంటాయి. సర్కారు తుమ్మ ముళ్లు పొడుగు, ఆకు మొలిచే కణుపు దగ్గరే ఉంటాయి.
- జమ్మి ఆకు సన్నం, కొంచెం బూడిద రంగు. తుమ్మ ఆకు పచ్చన.
- జమ్మి కాయ సన్నటి గొట్టం లెక్క. తుమ్మ కాయ మందం, పండితే పసుపు.

సర్కారు తుమ్మను పైపైన నరికితే నెలలోనే మళ్లీ చిగురిస్తుంది. మొదలు చుట్టూ తవ్వి, నేల కింద అడుగు లోతున వేరు కోసేయాలి. గాఫ్‌ను మాత్రం అడగకుండా ముట్టుకోవద్దు.

ఖర్జూరం

ఎండిన మట్టలే కొయ్యాలి. పచ్చి మట్ట కోస్తే ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, అది మొవ్వును తొలిచి చెట్టునే చంపుతుంది. ఇంకొకటి, ఖర్జూరంలో ఆడ, మగ చెట్లు వేరు వేరు. మన ఈత చెట్టుకు అన్న లాంటిదే కదా. చలికాలం చివర పూత వచ్చినప్పుడు మగ పూల రెమ్మలను ఆడ గెలలో పెట్టి కట్టాలి. ఎవరూ చేయకపోతే మంచి కాయ రాదు. పక్క తోట ఒమనీ పెద్దమనిషి ఒకసారి ఎక్కి చూపించిండు, తర్వాత మేమే చేసుకున్నాం.

నీళ్ల పరీక్ష

మొదటి ఏడాది అక్టోబర్‌లో రెండు వందల టమాట నారు పెట్టాం. నెలన్నరలో ఆకుల అంచులు మాడి, నేల మీద తెల్లటి పొర కట్టి, మొత్తం పోయింది. ఆ రోజు నాకు సిగ్గయింది. సైట్‌లో నీళ్ల రిపోర్ట్ లేకుండా కాంక్రీట్ కలపనియ్యను. ఉప్పు ఉంటే లోపల సువ్వ తుప్పు పడుతుందని అందరికీ చెప్పేటోణ్ణి. తోటకు మాత్రం రిపోర్ట్ అడగలేదు.

బాతినాలో ఏండ్ల తరబడి బావుల నుంచి ఎక్కువ నీళ్లు తోడారు. దాంతో భూమి కింద సముద్రపు నీళ్లు లోపలికి జరిగాయి. మా బావి నీళ్లు మీటర్‌లో 3.4 డెసిసీమెన్స్ చూపించాయి. ఆ ఉప్పు నేలలో ఇంకా పేరుకుంటుంది. నేలలో ఉప్పు ఎంత దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందో చూడండి: ఫ్రెంచ్ బీన్స్‌కు 1, ఉల్లికి 1.2, టమాటకు 2.5, ఖర్జూరానికి 4, బొబ్బర్లకు 4.9. అంటే మేం ముందు బొబ్బర్లు వేసి ఉండాల్సింది.

రెండో తప్పు, రోజూ ఇంత ఇంత నీళ్లు చల్లడం. నీళ్లు ఆవిరైపోతే ఉప్పు పైనే ఉంటుంది. ఇప్పుడు చేసేది ఇది:

- రోజు విడిచి రోజు, కానీ లోతుగా తడపడం. ఇక్కడిది ఇసుక నేల, ఉప్పు వేళ్ల కిందికి దిగిపోతుంది.
- బోదె నెత్తిన మొక్క పెట్టకపోవడం. ఉప్పు నెత్తికే ఎక్కుతుంది. బోదె పక్క వాలులో నాటాలి.
- చిన్న వాన పడితే డ్రిప్ ఆపకపోవడం. తడి అంచున చేరిన ఉప్పును చిన్న వాన మళ్లీ వేళ్లలోకి తోస్తుంది.
- నారుకు ఏసీ నీళ్లు. ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. గదుల వెనక డ్రమ్ములు పెట్టాం, తేమ రోజుల్లో బాగా నిండుతాయి. తాగడానికి మాత్రం వద్దు.
- కోసిన ఖర్జూర మట్టలు చిన్నగా నరికి మొదళ్ల దగ్గర పరచడం.

ఇక్కడ కూరగాయల కాలం మన వానాకాలం కాదు, అక్టోబర్ నుంచి మార్చి. ఎండాకాలం ఉన్న చెట్లను బతికించుకుంటే చాలు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు బయట పని చేయించకూడదని ఇక్కడి రూల్. తోటలో మీ సొంత పనికి కూడా అదే రూల్ పెట్టుకోండి.

రెండు ఫెద్దాన్లు ఒకేసారి ఎత్తుకోవద్దు. మేం మొదట మంచాల గది అంత జాగ బాగు చేశాం, తర్వాత దాన్ని పెంచుకుంటూ పోయాం. ఇప్పుడు బొబ్బర్లు, పుంటికూర, కరివేపాకు, మునగ ఉన్నాయి. సగం జాగ ఇంకా కంపే.

దసరా నాడు డ్యూటీ దిగి అందరం జమ్మి కిందికి పోతాం. ఇదివరకు ఫోన్‌లో ఆకు బొమ్మ పంపుకునేది. ఇప్పుడు చేతిలో బంగారం పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటున్నం. మొదటిసారి మేస్త్రి నా చేతిలో ఆకు పెట్టి, "నీ జేసీబీ ఏమైంది తమ్మీ?" అన్నడు. అందరూ నవ్విండ్రు. నేను కూడా.

పోయిన సెలవుకు ఊరికి పోయిన. నాయిన పోయినంక మా ఎకరంన్నర బీడే పడ్డది. నిండా సర్కారు తుమ్మ. మా తమ్ముడు "జేసీబీ చెప్పన్నా?" అన్నడు. నాలుగు రోజులు ఆగుమని చెప్పి, పొద్దున సాయంత్రం కంప పక్కపొంటి తిరిగి చూసిన. బావి గడ్డన తుమ్మల నడుమ రెండు వేపలు, ఒక జమ్మి దొరికినయి. వాటికి సున్నం పూసి, అప్పుడు జేసీబీని పిలిచినం.