కల్పిత లోకమున పురాణముల కలయిక

కొంతకాలము క్రిందట ఇంటి పిల్లల కొరకు నేనొక కల్పిత కథ వ్రాసితిని. అందు మృతులు దాటవలసిన నది యొకటి కలదు. మన వైతరణియు గ్రీకుల పాతాళనదియు నొకటే గదా యని తలచి రెంటిని కలిపివేసితిని. గోదానము చేసినవాడు ఆవుతోక పట్టుకొని దాటును. నోట నాణెముంచి సాగనంపబడినవాడు కేరన్ అను నావికునకు కూలి యిచ్చి దాటును. చదివి వినిపించుచుండగా మనుమరాలు, “తాతయ్యా, ఒక్క నాణెం ఇస్తే పడవవాడు దాటిస్తాడు కదా! మరి ఆవునెందుకు దానం చెయ్యాలి?” అని యడిగినది. నాకుత్తరము తోచలేదు. మా తల్లి పోయిననాడు ఆ దానము చేసినవాడను నేనే. అట్టి దానిని పడవకూలితో సమము చేసితిని గదా యని సిగ్గుపడితిని.

పురాణములోని యే వస్తువును ఒంటిగా నుండదు. దాని వెనుక నొక ధర్మముండును. ఆవు వెనుక దానఫలము. నాణెము వెనుక, అంత్యక్రియలు జరిగినవానికే ఆవలిగట్టను నమ్మకము. రూపములు రెండు ఒకచోట నిముడవచ్చును; ధర్మములు రెండు ఒకదానినొకటి చెరచును.

ఈ చిక్కును గెలిచినవారిలో ఆంగ్లరచయిత టోల్కీన్ ముఖ్యుడు. 1937లో వెలువడిన ‘ది హాబిట్’లోని మరుగుజ్జుల పేర్లు పెక్కు ప్రాచీన నార్సు కావ్యము ‘వోలుస్పా’ లోనివి. అతని టూరిన్ అను వీరుని కథలో ఫిన్లాండువారి కుల్లెర్వో, నార్సు వీరుడు సిగుర్డ్, గ్రీకు ఈడిపస్ మువ్వురును కలిసియున్నారు. అయినను అతుకు కానరాదు. ఏలన, అతడు తన లోకమునకు సృష్టికథను, భాషలను, మరణనియమమును తానే యేర్పరచి, తెచ్చినదానినెల్ల వానికి లోబరచెను. ప్లేటో చెప్పిన అట్లాంటిస్ ద్వీపము గర్వముచే మునిగెను. దానినుండి పుట్టిన న్యూమెనార్ ద్వీపమో, చావులేనివారి నేలను గెలువవలెనని మనుష్యులు నౌకలెక్కుటచే మునిగెను. సంఘటన పాతది; కారణము ఆ లోకమునకు స్వంతము.

అతని మిత్రుడు లూయిస్ 1950లో ప్రకటించిన నార్నియా తొలికథలో రోమకుల మేకకాళ్ల వనదేవతయు క్రిస్మస్ తాతయు ఒక్క మంచునేలపైనే కనబడుదురు. ఈ కలగలుపు టోల్కీన్‌కు రుచింపలేదు. కాని యచటను ఒక నియమమున్నది. మంత్రగత్తె శాపముచే ఆ నేలకు క్రిస్మస్ రాదు. కావున తాత రాక శాపము సడలుటకు గుర్తయ్యెను. అందుచేతనే పిల్లలు దానిని నమ్ముదురు.

నేనును నా కథను తిరుగ వ్రాసితిని. ఇపుడు నా నదిలో ఆవు లేదు, పడవ లేదు. బ్రతికియుండగా మనమెవరిని గట్టెక్కించితిమో వారే వచ్చి చేయిపట్టి దాటింతురు. మనుమరాలు విని, “మరి ఎవ్వరినీ గట్టెక్కించనివాడో?” అని యడిగినది. మొదటి ప్రశ్నతో నా కథ ఆగిపోయినది. ఈ ప్రశ్నతో ముందుకు నడచినది.