పేదరిక నిర్మూలనకు విదేశీ నిధులు: దానమా, అప్పా?

గ్రామీణ పేదరిక నిర్మూలనకై విదేశములనుండి వచ్చు సొమ్మంతయు దానమేనని అనేకులు తలంచుచున్నారు. ఇది సరియైన అవగాహన కాదు. మన ప్రాంతపు అనుభవమునే పరిశీలించుదము.

2000లో ప్రపంచ బ్యాంకు సహాయముతో ‘వెలుగు’ పథకము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఆరు జిల్లాలలో ఆరంభమైనది. 2003లో ఆమోదము పొందిన రెండవ పథకము మరి పదునారు జిల్లాలకు విస్తరించెను. పి.గన్నవరం చేరియున్న నాటి తూర్పు గోదావరి జిల్లా వాటిలో ఒకటి.

ఆ నిధి ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థయైన ఐడిఎ ఇచ్చిన అప్పు. దానికి వడ్డీ లేదు, స్వల్ప సేవా రుసుము మాత్రమే. దీర్ఘకాలములో దానిని తీర్చు బాధ్యత ప్రభుత్వముది, గ్రామ స్త్రీది కాదు.

ఆ సొమ్ముతో పొదుపు సంఘములు, గ్రామైక్య సంఘములు, మండల సమాఖ్యలు బలపడినవి. క్రమముగా పొదుపు చేసి, లెక్కలు వ్రాసుకొనిన సంఘములకు బ్యాంకులు ఋణములిచ్చినవి. ఈ ఋణము వేరు. దీనిని తీర్చవలసినది సభ్యురాలే.

మూడవది, లాభము కోరు పెట్టుబడి. సూక్ష్మఋణ సంస్థలలోనికి విదేశీ పెట్టుబడియు వచ్చినది. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పుచేసిన కుటుంబములు చితికిపోగా, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను.

కాబట్టి సంఘములోని సహోదరి “డ్వాక్రా డబ్బు వచ్చినది” అన్నప్పుడు, అది ఎవరి అప్పో, వాయిదా ఎంతో, దేనికి వాడుచున్నదో సేవకులమైన మనము ఆమెతో కూర్చుండి ఆలోచించవలెను. గేదెను కొనినయెడల పాల డబ్బు వాయిదాకు తోడగును. పెండ్లికి ఖర్చుచేసినయెడల వాయిదా కూలి డబ్బులోనుండియే పోవును.