రక్తం గడ్డకడితే ఫిట్స్ ఎందుకు వస్తాయి?

మోకాలు దోక్కుపోతే కాసేపటికి రక్తం దానంతటదే ఆగిపోతుంది. గడ్డకట్టే గుణమే మనకు రక్ష. కొందరికి మాత్రం దెబ్బేమీ లేకుండానే రక్తనాళాల లోపల గడ్డలు కడతాయి. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అలాంటిదే. దీన్ని 1983లో లండన్‌లో డాక్టర్ గ్రాహం హ్యూస్ వివరించారు. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే ఇందులో పొరబడి సొంత ఒంటి మీద పడతాయి.

గడ్డ మెదడులోని నాళానికి అడ్డుపడితే అక్కడి కణాలకు ఆక్సిజన్ అందదు. దెబ్బతిన్న చోట కణాలు అదుపు తప్పి ఒక్కసారిగా విద్యుత్ సంకేతాలు పంపుతాయి. అవే ఫిట్స్. అందరికీ రావు, కొందరికే వస్తాయి.

పెద్దాపురం మరిడమ్మ జాతర రద్దీలో ఎవరైనా ఇలా ఫిట్స్ వచ్చి పడిపోతే? చేతిలో తాళాలు పెట్టొద్దు, వాటితో ఫిట్స్ ఆగవు. నోట్లో ఏమీ కుక్కొద్దు, గట్టిగా అదిమి పట్టుకోవద్దు. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా, అది మొదటిసారైనా 108కి ఫోన్ చేయాలి.

కొత్త గడ్డలు కట్టకుండా చాలామందికి వార్ఫరిన్ మాత్ర ఇస్తారు. అది విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. ఆ విటమిన్ తోటకూర, పాలకూరల్లో బాగా ఉంటుంది. ఒక వారం రోజూ తోటకూర పప్పు తిని, మరుసటి వారం ముట్టకపోతే మందు లెక్క తప్పుతుంది. కూర మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే చాలు. లెక్క చూసేది ఐఎన్ఆర్ రక్తపరీక్ష. ఈ మాత్ర వేసుకునేవారికి సాధారణంగా దాని విలువ 2 నుంచి 3 మధ్య ఉండాలి.

ఈ మాత్ర వేసుకునే మీ స్నేహితుడి తలకు దెబ్బ తగిలితే, పైకి రక్తం కనిపించకపోయినా వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. లోపల రక్తస్రావం అవుతుండవచ్చు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.