మన వ్యాసానికి తగిన పత్రిక ఏది?

మనలో చాలామంది ఎం.ఎస్. రోజుల్లో ఒకటో రెండో పరిశోధన వ్యాసాలు రాసి, ఆ తరవాత ఉద్యోగాల్లో పడిపోయిన వాళ్ళం. ఏళ్ళు గడిచాక, పనిలో తెలిసిన ఒక మంచి సంగతి నలుగురికీ చెప్పాలనో, గ్రీన్ కార్డు కోసం పెట్టే ఈబీ-1 దరఖాస్తుకి పనికొస్తుందనో మళ్ళీ కలం పడతాం. రాయడం వరకూ బాగానే ఉంటుంది. ఎక్కడికి పంపాలి అన్న దగ్గరే బోల్తా పడతాం. నేను రెండుసార్లు పడ్డాను.

సర్వర్ల లాగ్ ఫైళ్ళని బట్టి రాబోయే లోపాలని ముందే పసిగట్టడం గురించి, మా కంపెనీ అనుమతి తీసుకుని, ఒక వ్యాసం రాశాను. దాని చిన్నరూపాన్ని ఒక వర్క్‌షాపులో సమర్పించిన నెలకి ఒక ఈమెయిలు వచ్చింది. "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి" అని మొదలు. నేను ప్రొఫెసర్ని కాను, పీహెచ్.డీ. కూడా లేదు. అయినా పొగడ్త ఎవరికి చేదు? పూర్తి వ్యాసం పంపాను. నాలుగో రోజున "అంగీకరించాం, ఆరు వందల డాలర్లు కట్టండి" అని జవాబు. సమీక్షకుల మాట ఒక్కటీ లేదు. అనుమానం వచ్చి వెనక్కి తీసుకుంటానంటే దానికీ రుసుము అడిగారు! కాపీరైటు కాగితం మీద సంతకం పెట్టలేదు కాబట్టి బతికిపోయాను. అక్కడ అచ్చయి ఉంటే అదే వ్యాసాన్ని మరో మంచి పత్రిక తీసుకోదు. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఇది నా ఒక్కడి కథ కాదు. 2013లో 'సైన్స్' పత్రిక కోసం జాన్ బొహానన్ కావాలనే తప్పులు పెట్టిన ఒక బూటకపు వ్యాసాన్ని 304 పత్రికలకి పంపితే, 157 పత్రికలు అంగీకరించాయి. 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఒకటి, హైదరాబాదు కేంద్రంగా నడిచే ఒక ప్రచురణ సంస్థని ఇలాంటి మోసాలకి గాను ఐదు కోట్ల డాలర్లకి పైగా కట్టమని ఆదేశించింది.

మొదటి దెబ్బతో భయపడి రెండోసారి మరీ ఎత్తుకి గురిపెట్టాను. చాలా పేరున్న ఒక మెషీన్ లెర్నింగ్ పత్రికకి పంపాను. మూడు వారాలకి తిరుగుటపా. "మీది కొత్త పద్ధతి కాదు, ఉన్న పద్ధతిని వాడిన అనుభవం. మా పాఠకులకి నప్పదు" అన్నారు సంపాదకులు. ఆయన మాట నిజమే. పత్రిక మంచిదైతే చాలదు, మన వ్యాసానికి దానికీ జోడీ కుదరాలి. ఒకసారి ఒక్క పత్రికకే పంపాలన్నది నియమం కాబట్టి, తప్పు ఎంపికకి కొన్నిచోట్ల నెలలు పోతాయి.

ఇప్పుడు నేను చూసుకునేవి ఇవి.

మొదటిది, నా వ్యాసం చివర ఉన్న ఉటంకింపుల జాబితా. అందులో ఏ పత్రిక పేరు ఎక్కువసార్లు కనబడితే నా పాఠకులు అక్కడున్నట్టు. ఒక్కసారీ కనబడని పత్రికకి ఎందుకు పంపుతున్నానో నన్ను నేను అడగాలి.

రెండోది, ఆ పత్రిక గత రెండేళ్ళ సంచికలు. పరిధి గురించి వాళ్ళు రాసుకున్న పేరా కన్నా, నిజంగా వేసిన వ్యాసాలు ఎక్కువ చెప్తాయి. అనుభవాలు వేస్తారా, సిద్ధాంతాలేనా? 'సాఫ్ట్‌వేర్: ప్రాక్టీస్ అండ్ ఎక్స్‌పీరియన్స్' లాంటి పత్రిక పేరులోనే జవాబు ఉంది.

మూడోది, పత్రిక చెప్పుకునే గొప్పలు. స్కోపస్‌లో ఉన్నామంటే స్కోపస్ సైటులోనే వెతకాలి. సంపాదకవర్గంలో ఉన్నారన్న ఆచార్యులు తమ సొంత పేజీలో ఆ సంగతి రాసుకున్నారో లేదో చూడాలి. ఇంపాక్ట్ ఫాక్టర్ కూడా అంతే. 2024 అంకె అంటే, 2022, 2023లలో వేసిన వ్యాసాలని 2024లో ఎన్నిసార్లు ఉటంకించారో లెక్కపెట్టి, ఆ రెండేళ్ళ వ్యాసాల సంఖ్యతో భాగించగా వచ్చేది. అది పత్రికకి సగటు, మన వ్యాసానికి మార్కు కాదు. వైద్యరంగపు అంకెని సాఫ్ట్‌వేర్ రంగపు అంకెతో పోల్చకూడదు.

నాలుగోది, డబ్బు. రుసుము అడిగినంత మాత్రాన దొంగ పత్రిక కాదు. 'ప్లాస్ వన్' రుసుము తీసుకుంటుంది, 2000లో మొదలైన 'జర్నల్ ఆఫ్ మెషీన్ లెర్నింగ్ రీసెర్చ్' పైసా అడగదు. రెండూ అసలైన పత్రికలే. రుసుము ఎంతో ముందే చెప్పారా, సమీక్ష నిజంగా జరుగుతుందా అన్నవే ప్రశ్నలు.

అన్నట్టు, మన రంగంలో చాలా విషయాలకి మంచి కాన్ఫరెన్సు పత్రికకి ఏమీ తీసిపోదు. అదీ లెక్కలో ఉంచుకోండి.

మూడోసారి నా జాబితాలో ఆరుసార్లు కనబడ్డ పత్రికకే పంపాను. పది నెలలు, రెండు విడతల దిద్దుబాట్లు. పరీక్షకి వాడిన డేటా కొంత శిక్షణ డేటాలో కలిసిపోయిందని ఒక సమీక్షకుడు పట్టుకున్నారు. సరిచేస్తే నా ఫలితం తగ్గింది, కానీ నిజమైంది. ఆ నాలుగు రోజుల పత్రికలో అచ్చయి ఉంటే ఆ తప్పు నా పేరు మీదే శాశ్వతంగా ఉండిపోయేది.